కమ్యూనిటీ కళాశాల విద్యలో కృత్రిమ మేధ

కమ్యూనిటీ కళాశాల విద్యలో కృత్రిమ మేధ అనగా స్థానిక ప్రజల అవసరాల కోసం నడిచే కళాశాలలలో బోధన, అభ్యసనం, మూల్యాంకనం, వృత్తి శిక్షణ వంటి పనులకు కృత్రిమ మేధ సాధనాలను వినియోగించడం. కృత్రిమ మేధను కృత్రిమ మేధస్సు అనీ, వాడుకలో ఏఐ అనీ కూడా అంటారు. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరువాత ఈ విషయం ప్రపంచవ్యాప్తంగా చర్చకు వచ్చినది. ఈ వ్యాసంలో ఆ సాధనాల స్వభావము, ఇతర దేశాల అనుభవము, ఆంధ్రప్రదేశ్‌లోని దిగువ కృష్ణా డెల్టాకు, అనగా మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలకు వాటి అన్వయము వివరించబడినవి.

కమ్యూనిటీ కళాశాల - నిర్వచనం

తక్కువ రుసుముతో, ప్రవేశానికి కఠినమైన షరతులు లేకుండా, చుట్టుపక్కల ఊళ్ళ వారికి వృత్తి విద్యను, సాధారణ విద్యను అందించే సంస్థను కమ్యూనిటీ కళాశాల అంటారు. ఈ పద్ధతి అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పుట్టినది. ఇల్లినాయి రాష్ట్రంలో 1901లో స్థాపించిన జోలియట్ జూనియర్ కళాశాల ప్రభుత్వ రంగంలో ఇటువంటి వాటిలో మొదటిదిగా పేరు పొందినది. భారతదేశంలో 1995లో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం, 1996లో మద్రాసు కమ్యూనిటీ కళాశాల ఈ నమూనాను ప్రారంభించాయి. 2013లో కేంద్ర ప్రభుత్వం విశ్వవిద్యాలయ నిధుల సంఘం ద్వారా, అఖిల భారత సాంకేతిక విద్యామండలి ద్వారా కమ్యూనిటీ కళాశాలల పథకాన్ని అమలు చేసినది.

కృష్ణా డెల్టాలో ఈ పేరు అంతగా వాడుకలో లేదు. ఆ పాత్రను ఇక్కడ డిగ్రీ కళాశాలలు, పాలిటెక్నిక్‌లు, పారిశ్రామిక శిక్షణా సంస్థలు నిర్వహిస్తున్నాయి. సొంత ఊరి నుండి ఉదయం బస్సెక్కి వచ్చి సాయంత్రం తిరిగి వెళ్ళే విద్యార్థులు, కుటుంబంలో మొదటిసారిగా కళాశాల మెట్లెక్కిన విద్యార్థులు వీటిలో ఎక్కువగా కనిపిస్తారు.

చారిత్రక నేపథ్యం

స్థానిక వృత్తులను కళాశాల పాఠ్యక్రమంలో చేర్చడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల ఆంగ్ల విద్యకు కేంద్రమై తరువాత నోబుల్ కళాశాలగా ఎదిగినది. 1905 నాటి వంగ విభజన అనంతరం స్వదేశీ ఉద్యమం బలపడినది. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటనలో మచిలీపట్నం వచ్చారు. ఆ ఉత్సాహంలో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య కలసి 1910లో ఇక్కడ ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. భాషాశాస్త్రాలతో పాటు నేత, వడ్రంగం, యంత్రశిల్పం, చిత్రలేఖనం వంటివి నేర్పడం ఈ సంస్థ ప్రత్యేకత. జాతీయ పతాక రూపకర్తగా పేరుగాంచిన పింగళి వెంకయ్య ఇక్కడ అధ్యాపకునిగా పనిచేశారు. ప్రమోదకుమార్ చటర్జీ ఇక్కడ చిత్రలేఖనం బోధించారు.

బయటి నుండి వచ్చిన విద్యను ఉన్నదున్నట్లు స్వీకరించక, దానిని తమ భాషకు, తమ చేతిపనులకు అనువుగా మలచుకోవాలన్నది జాతీయ కళాశాల స్థాపకుల ఆశయం. కృత్రిమ మేధ సాధనాల విషయంలో నేడు డెల్టా కళాశాలల ముందున్న ప్రశ్న కూడా స్థూలంగా ఇదే.

దిగువ కృష్ణా డెల్టాలోని విద్యాసంస్థలు

2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత కూడా మచిలీపట్నం కృష్ణా జిల్లాకు కేంద్రముగా కొనసాగుతున్నది. 2008లో ఏర్పడిన కృష్ణా విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నది. పట్టణంలో నోబుల్ కళాశాల, హిందూ కళాశాల పాతవి. గుడివాడలో అక్కినేని నాగేశ్వరరావు కళాశాల ఉన్నది. నటుడు అక్కినేని నాగేశ్వరరావు ఇచ్చిన విరాళం కారణంగా దానికి ఆ పేరు వచ్చినది. గుడివాడ, మచిలీపట్నం మధ్యనున్న గుడ్లవల్లేరులో 1998లో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైనది. అక్కడ పాలిటెక్నిక్ కూడా ఉన్నది.

పులిగడ్డ వద్ద కృష్ణానది రెండు పాయలుగా చీలిన తరువాత ఆ పాయల నడుమ ఉన్న భూభాగమే దివిసీమ. దీనికి ముఖ్య పట్టణం అవనిగడ్డ. ఇక్కడ ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది. ఉపాధ్యాయ నియామక పరీక్షల శిక్షణకు అవనిగడ్డ రాష్ట్రమంతటా ప్రసిద్ధి పొందినది. నాగాయలంక, కోడూరు మండలాల విద్యార్థులు పై చదువులకు అవనిగడ్డకో, మచిలీపట్నానికో, విజయవాడకో వెళ్ళవలసి ఉంటుంది.

సాధనాలు - రకాలు

కళాశాల విద్యలో వినియోగించే కృత్రిమ మేధ సాధనాలను స్థూలంగా అయిదు రకాలుగా చెప్పవచ్చు.

1. సంభాషణ సాధనాలు: చాట్‌జీపీటీ, జెమినై, కోపైలట్, క్లాడ్ మొదలైనవి. ఇవి అడిగిన ప్రశ్నకు వాక్యరూపంలో జవాబు చెబుతాయి.
2. అనువాద, వాక్ సాధనాలు: ఒక భాషలోని పాఠాన్ని మరొక భాషలోకి మార్చేవి, మాటను అక్షరంగా, అక్షరాన్ని మాటగా మార్చేవి.
3. బోధనా సహాయకాలు: విద్యార్థి స్థాయిని గమనించి అందుకు తగిన అభ్యాసాలను ఇచ్చేవి.
4. పాలనా సహాయకాలు: ప్రవేశాలు, ఉపకారవేతనాలు, పరీక్షల తేదీల గురించిన ప్రశ్నలకు జవాబు చెప్పేవి.
5. వృత్తి సాధనాలు: చిత్రాల ద్వారా పంట తెగుళ్ళను గుర్తించడం, యంత్రాల లోపాలను కనిపెట్టడం, ప్రోగ్రాములు రాయడం వంటి పనులలో తోడ్పడేవి.

వీటిలో మొదటి రకపు సాధనాలు పెద్ద భాషా నమూనాలపై ఆధారపడి ఉంటాయి. కోట్లాది పుటల పాఠ్యాన్ని చదివించి, ఒక మాట తరువాత ఏ మాట వచ్చే అవకాశం ఉన్నదో లెక్కగట్టేటట్లు వీటిని తయారు చేస్తారు. కనుక ఇవి చెప్పే జవాబు చక్కని వాక్యంగా ఉన్నంత మాత్రాన నిజం కానవసరం లేదు. లేని గ్రంథాన్ని ఉన్నదని, జరగని సంఘటనను జరిగినదని ఇవి ధీమాగా చెప్పిన సందర్భాలు అనేకం.

ఇతర ప్రాంతాల అనుభవం

అమెరికాలో ఇంటెల్ సంస్థ 2020లో అరిజోనా రాష్ట్రంలోని మారికోపా కమ్యూనిటీ కళాశాలల సముదాయంతో కలసి కృత్రిమ మేధలో రెండేళ్ళ డిగ్రీని ప్రారంభించినది. జార్జియా టెక్ సంస్థలో ఆచార్య అశోక్ గోయల్ బృందం 2016లో "జిల్ వాట్సన్" అనే బోధనా సహాయకాన్ని ప్రవేశపెట్టినది. 2021లో అక్కడి జాతీయ విజ్ఞాన ప్రతిష్ఠానం వయోజన విద్య కోసం నెలకొల్పిన కృత్రిమ మేధ సంస్థలో జార్జియాలోని సాంకేతిక కళాశాలలు కూడా భాగస్వాములైనవి.

నైజీరియాలోని ఎడో రాష్ట్రంలో 2024లో ప్రపంచ బ్యాంకు ఆరు వారాల ప్రయోగం జరిపినది. మాధ్యమిక పాఠశాలల విద్యార్థులు బడి ముగిసిన తరువాత ఉపాధ్యాయుల పర్యవేక్షణలో సంభాషణ సాధనంతో ఆంగ్లం నేర్చుకున్నారు. పాల్గొన్న వారు పాల్గొనని వారికంటే పరీక్షలో మెరుగైన ఫలితాలు సాధించారు. వసతులు తక్కువగా ఉన్న ప్రాంతంలో జరిగినందువలన ఈ ప్రయోగం డెల్టా కళాశాలలకు ఎక్కువగా వర్తిస్తుంది.

దీనికి భిన్నమైన హెచ్చరిక టర్కీ దేశం నుండి వచ్చినది. అక్కడ దాదాపు వేయిమంది ఉన్నత పాఠశాల విద్యార్థులపై పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు గణిత బోధనలో ప్రయోగం చేసి 2024లో ఫలితాలు ప్రకటించారు. సాధారణ సంభాషణ సాధనం వాడిన వారు అభ్యాసాలలో 48 శాతం మెరుగయ్యారు. జవాబు నేరుగా చెప్పక సూచనలు మాత్రమే ఇచ్చేటట్లు ఉపాధ్యాయుల సలహాలతో మలచిన సాధనం వాడినవారు 127 శాతం మెరుగయ్యారు. అయితే సాధనాన్ని తొలగించి పరీక్ష పెట్టినపుడు మొదటి బృందం, అసలు ఎప్పుడూ సాధనం వాడని వారికంటే 17 శాతం వెనుకబడినది. రెండవ బృందంలో ఈ నష్టం చాలవరకు కనిపించలేదు. సాధనం ఒకటే అయినా దానిని ఏ విధంగా అమర్చారన్న దానిని బట్టి ఫలితం మారుతుందని దీనివలన తెలుస్తున్నది.

భాష

2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8.11 కోట్ల మంది. అయినా అంతర్జాలంలో ఉన్న తెలుగు పాఠ్యం ఆంగ్లంతో పోలిస్తే చాలా స్వల్పం. భాషా నమూనాలు చదివినది అధికంగా ఆంగ్లమే కనుక తెలుగులో అడిగినపుడు జవాబులలో తప్పులు పెరిగే అవకాశం ఉన్నది. దీనికి తోడు ఒక సాంకేతిక కారణం కూడా కలదు. భాషా నమూనాలు పాఠ్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా విడగొడతాయి. యూనికోడ్‌లోని యూటీఎఫ్-8 పద్ధతిలో ఆంగ్ల అక్షరానికి ఒక బైటు సరిపోగా, తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు కావాలి. ఒత్తులు, గుణింతాలు కలిసిన ఒక్క అక్షరంలో ఇటువంటి సంకేతాలు రెండు, మూడు ఉంటాయి. అందువలన చాలా నమూనాలలో ఒకే భావానికి తెలుగులో ఎక్కువ టోకెన్లు ఖర్చవుతాయి. ఉచిత సేవలలో పరిమితి త్వరగా ముగుస్తుంది. చెల్లింపు సేవలలో వ్యయం పెరుగుతుంది.

డిగ్రీ కళాశాలలన్నీ 2021-22 విద్యా సంవత్సరం నుండి ఆంగ్ల మాధ్యమంలోనే బోధించాలని రాష్ట్ర ప్రభుత్వం 2021 జూన్‌లో నిర్ణయించినది. పల్లెల్లో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన విద్యార్థికి ఇది పెద్ద మార్పు. ఆర్థికశాస్త్రంలోనో, రసాయనశాస్త్రంలోనో ఒక పాఠాన్ని ఆంగ్లంలో చదివి, అర్థంకాని చోట తెలుగులో వివరణ అడిగి, మరల ఆంగ్లంలో సొంతంగా రాసి సరిచూసుకునే అవకాశాన్ని సంభాషణ సాధనాలు కల్పిస్తాయి. తరగతిలో లేచి సందేహం అడగడానికి మొహమాటపడే విద్యార్థికి ఈ సౌకర్యం విలువైనది. విద్యార్థి రాయవలసిన జవాబును సాధనమే ఆంగ్లంలో రాసిపెట్టినపుడు మాత్రం ఈ వంతెన కూలిపోతుంది. అతనికి విషయము రాదు, భాషా రాదు.

తెలుగుకు సంబంధించిన కొన్ని ప్రయత్నాలు పేర్కొనదగినవి. కేంద్ర ప్రభుత్వపు భాషిణి వేదిక 2022 జూలైలో ప్రారంభమైనది. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ సంస్థ 2023లో విడుదల చేసిన ఇండిక్‌ట్రాన్స్2 అనువాద నమూనా తెలుగుతో సహా 22 షెడ్యూల్డు భాషలలో పనిచేస్తుంది. సాంకేతిక విద్యామండలి అనువాదిని అనే సాధనాన్ని రూపొందించి ఇంజనీరింగు పాఠ్యపుస్తకాల అనువాదానికి వినియోగిస్తున్నది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ, ఓజోన్‌టెల్ సంస్థతో కలసి "ఏఐ చందమామ కథలు" అనే చిన్న తెలుగు భాషా నమూనాను తయారు చేసినది. దీని కోసం ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు వేల సంఖ్యలో పాల్గొని తెలుగు కథల పాఠ్యాన్ని సరిదిద్దారు. విద్యార్థులు సాధనాన్ని వాడుకునేవారుగా కాక తయారు చేసేవారుగా పాల్గొన్నందున ఈ ప్రయత్నం కళాశాలలకు మంచి ఉదాహరణ.

స్థానిక వృత్తులకు అన్వయం

వరి, మినుము: డెల్టాలో సార్వా వరి కోతకు కొద్ది రోజుల ముందు, నిలిచి ఉన్న పైరులోనే మినుము విత్తనాలు చల్లడం ఆనవాయితీ. నేలలో మిగిలిన తేమతోనే ఆ పంట పండుతుంది. మినుము సాగు గురించి సాధారణంగా అడిగితే దుక్కి దున్ని సాళ్ళలో విత్తమని చెప్పే సలహా ఇతర ప్రాంతాల మెట్ట భూములకు సరియైనదే కాని, ఇక్కడి మాగాణికి పనికిరాదు. ఇటువంటి జవాబులను స్థానిక రైతుల అనుభవంతోను, వ్యవసాయ విశ్వవిద్యాలయ సిఫారసులతోను పోల్చి తప్పులు గుర్తించడం విద్యార్థులకు మంచి అభ్యాసం కాగలదు.

రొయ్యల సాగు: రొయ్యల చెరువుల నీటిలో కరిగి ఉండే ప్రాణవాయువు తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి చేరుతుంది. దానిని కొలిచే పరికరాలు, ఆ కొలతలను బట్టి ముందే హెచ్చరించే ప్రోగ్రాములు తయారు చేయడం పాలిటెక్నిక్, డిగ్రీ విద్యార్థులకు తగిన ప్రాజెక్టు. మందుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటి యాంటీబయాటిక్‌లు రొయ్యల సాగులో నిషిద్ధం. వాటి అవశేషాలు కనిపిస్తే విదేశాలు సరుకును తిప్పి పంపుతాయి. సాధనం చెప్పిన మందు పేరును నిపుణునికి చూపకుండా వాడితే కలిగే నష్టం పరీక్షలో మార్కులు పోవడం వంటిది కాదు, ఒక కుటుంబపు ఏడాది పెట్టుబడి పోవడం.

కలంకారీ: మచిలీపట్నం కలంకారీ భౌగోళిక గుర్తింపు పొందిన కళ. పెడనలో చెక్క అచ్చులతో ఈ అద్దకం పని జరుగుతుంది. చిత్రాలు సృష్టించే సాధనాలతో కొత్త నమూనాలు క్షణాలలో తయారు చేయవచ్చు. కాని కరక్కాయతో బట్టను సిద్ధం చేయడం, పటిక, కసిమి పాళ్ళు, నీటిలో జాడించడం, అచ్చు చెక్కడం సాధనానికి చేతకావు. మరమగ్గాలపైన, తెరముద్రణలో వచ్చే నకళ్ళతో ఇప్పటికే పోటీ పడుతున్న పనివారికి ఈ చిత్రాలు మరొక పోటీ కావచ్చు, లేదా కొత్త గిరాకీని తేవచ్చు. పాత అచ్చుల నమూనాలను ఛాయాచిత్రాలుగా తీసి, వాటి పేర్లతో, చెక్కిన కుటుంబాల అనుమతితో భద్రపరచడం కళాశాలలు చేపట్టదగిన పని.

మచిలీపట్నం రోల్డ్ గోల్డ్ నగల పరిశ్రమ, 2023లో పనులు మొదలైన మచిలీపట్నం ఓడరేవు కూడా వృత్తి శిక్షణతో ముడిపడినవే. ఓడరేవులో సరుకు లెక్కలు, యంత్రాల నిర్వహణ, ఎగుమతి పత్రాల తయారీ వంటి పనులలో కృత్రిమ మేధ సాధనాల వాడకం ప్రపంచమంతటా పెరుగుతున్నది.

మూల్యాంకనం

ఇంటివద్ద రాసి తెచ్చే అసైన్‌మెంటు విద్యార్థి సొంతమా కాదా అన్నది నేడు అధ్యాపకులకు క్లిష్ట సమస్య. యంత్రం రాసిన వాక్యాలను పట్టుకొంటామని చెప్పే సాధనాలు నమ్మదగినవి కావు. ఓపెన్‌ఏఐ సంస్థ తాను విడుదల చేసిన అటువంటి సాధనాన్ని ఖచ్చితత్వం తక్కువగా ఉన్నదని 2023 జూలైలో ఉపసంహరించుకొన్నది. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు, ఆంగ్లం మాతృభాష కాని వారు టోఫెల్ పరీక్ష కోసం స్వయంగా రాసిన 91 వ్యాసాలను ఏడు సాధనాలతో పరీక్షించగా, సగటున 61 శాతం వ్యాసాలను యంత్రం రాసినవిగా అవి పొరబడినవి. పరిమితమైన మాటలతో సరళంగా రాసే వారినే ఈ సాధనాలు ఎక్కువగా అనుమానిస్తాయి. ఆంగ్లాన్ని కష్టపడి నేర్చుకొన్న డెల్టా విద్యార్థి రాసేది అటువంటి ఆంగ్లమే. కనుక ఇటువంటి సాధనం ఇచ్చిన శాతాన్ని మాత్రమే ఆధారంగా తీసుకొని విద్యార్థిని శిక్షించడం అన్యాయం.

దీనికి ప్రత్యామ్నాయాలుగా మౌఖిక పరీక్ష, తరగతిలో చేతిరాత, చిత్తుప్రతులతో సహా అసైన్‌మెంటు సమర్పణ, ప్రయోగశాల పని, స్థానిక విషయాలపై క్షేత్ర నివేదిక వంటి పద్ధతులను విద్యావేత్తలు సూచిస్తున్నారు. సాధనం వాడినపుడు ఏమి అడిగినదీ, ఏమి మార్చుకున్నదీ విద్యార్థి ప్రకటించే పద్ధతి కూడా అనేక విశ్వవిద్యాలయాలలో అమలులో ఉన్నది.

మౌలిక వసతులు

ఈ సాధనాలు ఎక్కువగా అంతర్జాలం మీద ఆధారపడినవి. తీరప్రాంతంలో తుఫానుల వలన విద్యుత్తుకు, సమాచార వ్యవస్థకు తరచుగా అంతరాయం కలుగుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలాదిమంది ప్రాణాలు కోల్పోయారు. 2025 అక్టోబరు 28న మొంథా తుఫాను మచిలీపట్నం, కళింగపట్నం మధ్య నరసాపురం సమీపంలో తీరం దాటినది. అంతర్జాలం లేకుండానే సాధారణ కంప్యూటరుపై పనిచేయగల చిన్న నమూనాలు, జెమ్మా, లామా శ్రేణులలోని చిన్నవి వంటివి, ఇటువంటి చోట్ల ఉపయోగపడతాయి. అయితే తెలుగులో వాటి సామర్థ్యం పెద్ద నమూనాల కంటే తక్కువ.

కంప్యూటరు లేని విద్యార్థికి చేతి ఫోనే ఆధారం. ఒకే ఫోనును ఇంటిల్లిపాది వాడుకునే కుటుంబాలలో ఆడపిల్లలకు దొరికే సమయం ఇంకా తక్కువ. కళాశాల గ్రంథాలయంలో అందరికీ వంతుల వారీగా అవకాశం కల్పించనిదే ఈ సాధనాలు ఉన్న వ్యత్యాసాలను తగ్గించకపోగా పెంచే ప్రమాదం ఉన్నది.

గోప్యత, చట్టం

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 సంవత్సరాలు నిండని వారు బాలలు. వారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి అవసరం. ఈ చట్టపు నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడినవి. వాటిలోని ప్రధానాంశాలు దశలవారీగా అమలులోకి వస్తాయి. పదవ తరగతి తరువాత పాలిసెట్ ద్వారా పాలిటెక్నిక్‌లో చేరే విద్యార్థులలో అధికులు ఈ వయసులోపు వారే. విద్యార్థుల పేర్లు, మార్కులు, కుటుంబ ఆదాయ వివరాలు బయటి సాధనాలలో నమోదు చేయరాదన్నది అధ్యాపకులు పాటించవలసిన ప్రాథమిక నియమం.

ప్రభుత్వ, అంతర్జాతీయ కార్యక్రమాలు

* 2020 జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానం కృత్రిమ మేధను పాఠ్యక్రమంలో చేర్చాలని సూచించినది.
* యునెస్కో సంస్థ 2023 సెప్టెంబరులో విద్యలో ఇటువంటి సాధనాల వినియోగంపై మార్గదర్శకాలను, 2024 సెప్టెంబరులో విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కావలసిన సామర్థ్యాల చట్రాలను విడుదల చేసినది.
* ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ఎడెక్స్ సంస్థతో కలసి ఉన్నత విద్యార్థులకు ఆన్‌లైన్ కోర్సులను ఉచితంగా అందించే కార్యక్రమం చేపట్టినది.
* 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం 10,372 కోట్ల రూపాయల వ్యయంతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించినది.
* 2025 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఎన్‌విడియా సంస్థతో కుదుర్చుకున్న అవగాహనా ఒప్పందంలో 10,000 మంది ఇంజనీరింగు విద్యార్థుల శిక్షణ ఒక అంశం.

వీటిలో శిక్షణకు సంబంధించినవి ఇంజనీరింగు విద్యార్థుల వైపు ఎక్కువగా మొగ్గినవి. బి.ఏ., బి.కాం. చదివే విద్యార్థులకు, పారిశ్రామిక శిక్షణా సంస్థలలో చేరే వారికి తగిన పాఠ్యక్రమం రూపొందవలసిన అవసరం ఉన్నది.

అధ్యాపకుల పాత్ర

పైన పేర్కొన్న ప్రయోగాలలో ఒక సామాన్యాంశం కనిపిస్తుంది. నైజీరియాలో ఉపాధ్యాయుడు పక్కన ఉన్నాడు. టర్కీలో సత్ఫలితం ఇచ్చిన సాధనాన్ని ఉపాధ్యాయుల సలహాలతో మలచారు. సాధనం అధ్యాపకునికి బదులుగా వచ్చిన చోట కాక, అతని చేతిలో పనిముట్టుగా ఉన్న చోట విద్యార్థికి మేలు జరిగినది. ఒక పాఠానికి పది రకాల ప్రశ్నలు తయారు చేయడం, ప్రయోగశాల సూచనలను రెండు భాషలలో సిద్ధం చేయడం, వెనుకబడిన విద్యార్థికి అదనపు అభ్యాసాలు రాయడం వంటి పనులలో సాధనాలు అధ్యాపకుని కాలాన్ని ఆదా చేస్తాయి. ఆ విధంగా మిగిలిన కాలం తిరిగి విద్యార్థికి చేరితేనే ఫలం. అధ్యాపకుల ఖాళీలను భర్తీ చేయకపోవడానికి ఈ సాధనాలను సాకుగా చూపితే, నష్టపోయేది ట్యూషనుకు గాని, నగరానికి గాని వెళ్ళలేని విద్యార్థులే.